వంకర ఎర్ర గీత

నాలుగో గుల్లను త్రాసు పళ్లెంలో పెట్టి ఆర్విడ్ స్టెన్‌స్రూడ్ ఊపిరి బిగబట్టాడు. ముల్లు కాసేపు ఊగిసలాడి, గీత దాటి పైన ఆగింది. అంతకు ముందు తూచిన మూడూ అంతే. చిటికెన వేలంత ఇత్తడి గుల్ల, దాని అడుగు అంచు చుట్టూ ఎర్రటి గోళ్ల రంగు. గుర్తు చూస్తే తనదే అనుకోవాలి. బరువు చూస్తే తనది కాదు.

"దొంగ వెధవ," అన్నాడు, త్రాసుకి చెబుతున్నట్టు.

తూటా పేలాక గుండు పోతుంది, గుల్ల మిగులుతుంది. ఆ గుల్లలోనే మళ్లీ మందు పోసి, కొత్త గుండు బిగించి, మళ్లీ కాల్చుకోవడం మా వైపు ఆనవాయితీ. మే నెల వచ్చిందంటే మోంటానా ఉత్తరపు కొసన పచ్చిక బీళ్లన్నీ నేల ఉడుతల బొరియలతో జల్లెడైపోతాయి. ఆవు కాలు బొరియలో పడిందా, విరిగినట్టే. అందుకని పశువుల వాళ్లు మమ్మల్ని పిలిచి మరీ కొట్టించుకుంటారు. చిన్న గుండు, దూరపు గురి. గుల్లలన్నీ ఒకే రకం, ఒకే బరువు ఉంటేనే గుండ్లు అనుకున్న చోట పడతాయి. గుల్లలు ఎంచుకోవడంలో మా మగవాళ్లు పెట్టే పేచీలు పెళ్లిళ్లు కుదుర్చుకునేటప్పుడు పెట్టి ఉంటే ఊళ్లో సగం కాపురాలు బాగుపడేవి.

ఇద్దరు కలిసి కాల్చినప్పుడు గుల్లలు గడ్డిలో కలిసిపోతాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్లకుంటుంది. ఆర్విడ్ గుర్తు ఎరుపు. అది అతని భార్య ఇనెజ్ గోళ్ల రంగు. ఆవిడ పోయాక సీసా మాత్రం అద్దం ముందు మిగిలింది. అడుగున ఎండిపోయిన రంగును కరిగించుకుంటూ ఇంకా వాడుతూనే ఉన్నాడు. చెయ్యి వణుకుతుంది గనక గీత ఎప్పుడూ తిన్నగా రాదు, ఎక్కడో ఒకచోట వంకరపోతుంది.

ఈ నాలుగింటి మీదా గీత అచ్చు వేసినట్టు తిన్నగా ఉంది. అతనికి ఒళ్లు మండింది అందుకే. చేసింది దొంగపని, అది కూడా తనకంటే బాగా చేశాడు. ఊళ్లో అంత నిలకడైన చెయ్యి ఒక్కడిదే. అందరి పోస్టు డబ్బాల మీదా పేర్లు రాసిన వెండెల్ క్రౌస్‌ది.

దీపాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. ఈ మధ్య బల్బులన్నీ నాసిరకం వస్తున్నాయని అతని నమ్మకం. ఎన్ని మార్చినా వెలుగు చుట్టూ మంచు కమ్మినట్టే ఉంటోంది.

అసలు తప్పు తనదే. మోకాళ్లు వంగడం లేదని గుల్లలు ఏరే పని వెండెల్‌కి వదిలేశాడు. వాడు ఏరి, ఇంటికి పట్టుకెళ్లి, మొక్కజొన్న కండెల పొట్టు వేసి గిలక్కొట్టే యంత్రంలో తళతళలాడించి, సంచిలో కట్టి తిరిగిచ్చేవాడు. ముప్ఫై ఏళ్ల స్నేహం, లెక్కపెట్టి తీసుకుంటామా? నిరుడు శీతాకాలం నుంచే ఈ బరువు గుల్లలు కనబడ్డం మొదలైంది. మొదట ఒకటీ అరా. ఇప్పుడు పిడికెళ్లకొద్దీ. తన పాత రకం గుల్లలు ఇప్పుడు కొందామన్నా దొరకవు. వాటిని వాడు నొక్కేసి, ఎక్కడివో అనామకపు గుల్లలకి తన ఎరుపు పూసి అంటగడుతున్నాడు. ఇంతకంటే వేరే అర్థం ఆర్విడ్‌కి తోచలేదు.

తిన్నని గీతలవి అన్నిటినీ సొరుగులోకి తోసేశాడు. వాటి బదులు వాడదామని, బల్ల కింద మూలనున్న కాఫీ డబ్బాను ఈ వారమే బయటికి తీశాడు. ఎప్పుడో వాడేసి పక్కన పడేసినవి, అన్నీ వంకర గీతలే. వీటిని ఇంతవరకూ ఎవడూ ముట్టుకోలేదు. ఒక్కొక్కటీ తూచాడు. ముల్లు కచ్చితంగా గీత మీద నిలబడింది. పాత స్నేహితులంటే ఇవీ అనుకుని, వాటినే నింపి పెట్టెలో సర్దుకున్నాడు.

గోడ మేకుకి కొస వంచిన సన్నటి తీగ వేలాడుతోంది. దాన్ని గుల్లలోకి పోనిచ్చి దాని లోపలి గోడ వెంట గీకితే, అడుగు దగ్గర ఇత్తడి అరిగి గాడి పడి ఉంటే కొసకి తగుల్తుంది. గాడి పడ్డ గుల్ల తుపాకీలోనే రెండుగా తెగుతుంది, మంట వెనక్కి మొహం మీదికి కొడుతుంది. ఆ తీగ మీద దుమ్ము పేరుకుంది. తూచాక ఇంకా పొడిచి చూసేదేమిటని అతను దాని వైపు చూడనే లేదు.

చూసింది నమ్మను, తూచింది నమ్ముతా. ధాన్యం గిడ్డంగి దగ్గర లారీల తూకం కుర్చీలో కూర్చుని అతను అందరికీ చెప్పే మాట అది. ఆ శనివారం ఒంటిపూట డ్యూటీకి వెళ్లేసరికి గోధుమల లారీ ఒకటి ముందే వచ్చి ఉంది. నిండు లారీ తూగి వెళ్లింది, ఖాళీ లారీ తిరిగొచ్చింది. ఆర్విడ్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇందాక బండిలో మీ ఆవిడ ఉంది. ఏదీ?"

"కాఫీ తాగడానికి దిగింది," అన్నాడు రైతు.

"పిలుచుకురా. నిండు బండితో తూగి, ఖాళీ బండి తూచేటప్పుడు దిగిపోతే ఆవిడ బరువుకి కూడా నేను గోధుమల రేటు కట్టాలా?"

రైతు నవ్వుతూనే పిలుచుకొచ్చాడు. ఆవిడ ఎక్కి కూర్చుని ఆర్విడ్ వైపు చూసిన చూపుకి గోధుమలు మాడిపోవాల్సింది.

"అంకె నువ్వే చదువు, పైకి," అన్నాడు ఆర్విడ్. "రేపు నేను తప్పు రాశానని అనకుండా."

ఈ పైకి చదివించే పద్ధతి చలికాలం నుంచి పెట్టాడు. జాగ్రత్త మనిషి అనుకున్నారు జనం. మార్చిలో ఒకరోజు వెండెల్ మాత్రం, "ఒరేయ్, అంకెలు కనపడ్డం లేదు కదూ నీకు? కళ్లు చూపించుకో," అన్నాడు. ఈస్టరు వెళ్లేదాకా ఆర్విడ్ వాడితో మాట్లాడలేదు. ఆ మాట మేనేజరు చెవిన పడిందంటే తూకం కుర్చీ పోతుంది. కుర్చీ పోతే అతనికి మిగిలేది ఇనెజ్ లేని వంటిల్లు. ఆ తరవాత వెండెల్ కళ్ల ఊసే ఎత్తలేదు. బయట ఎవరి దగ్గరా ఎత్తలేదు కూడా. గుల్లల తిరకాసు చూశాక ఆ సలహాలో కూడా ఆర్విడ్‌కి వేరే వాసన తగిలింది. దొంగకి కావలసింది గుడ్డివాడే మరి.

మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పటిలాగే నోరీన్ హోటల్లో కలుసుకున్నారు. నోరీన్ కాఫీ పోస్తూ వెండెల్ భుజం మీద చరిచింది.

"ఏమయ్యా పెళ్లికొడుకా, మందుల షాపులో ఎర్ర గోళ్ల రంగు కొన్నావటగా? మా అక్క కూతురే బిల్లు వేసింది. ఎరుపుల్లో ఎరుపు వెతికి వెతికి మరీ కొన్నావట. ఎవరయ్యా ఆవిడ?"

పక్క బల్లల వాళ్లంతా ఇటు తిరిగారు. పెళ్లే చేసుకోని డెబ్బై ఏళ్ల మనిషి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"గాలాలకి," అన్నాడు. "చేపలకి ఎరుపు బాగా కనపడుతుందని."

"నువ్వు చేపలు పట్టి ఎన్నేళ్లయిందిరా?" అన్నాడు ఆర్విడ్.

"ఈ ఏడు పడదామనుకుంటున్నా."

చెబుతూ చొక్కా జేబు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదేనని ఆర్విడ్ కాఫీ తాగుతూ లోలోపలే అనుకున్నాడు. ఇంక సాక్ష్యం దేనికి? వెండెల్ మెడ మీద చెమట. బయట కోటు లేనిదే నిలవలేని గాలి, వీడికి చెమట. పాకం పోసిన రొట్టెచుట్ట అంటే పడిచచ్చేవాడు, సగం తిని కాగితంలో చుట్టి భోజనం పెట్టెలో పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడికి ముద్ద దిగదు.

"ఏం, తినవే?" అన్నాడు ఆర్విడ్.

"గొంతులో అడ్డం పడ్డట్టుంది."

పడుతుంది మరి, అనుకున్నాడు ఆర్విడ్. కడుపులో కోపమున్నా లోలోపల ఎక్కడో బాధగా కూడా ఉంది. ఇనెజ్ చివరి శీతాకాలం రోజూ పొద్దున్నే వాకిట్లో మంచు తోసి, తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోయిన మనిషి వీడు. అలాంటివాడు ఇత్తడి ముక్కల దగ్గర కక్కుర్తిపడ్డాడంటే, మంచు తోసిన రోజుల్ని కూడా మళ్లీ తూచుకోవలసి వస్తోంది. అది అతనికి ఇష్టం లేదు.

పశువులు పెంచే సాథర్ వాళ్ల పచ్చిక బీడులో మడత బల్ల వేసుకున్నారు. గాలి పడమటి నుంచి ఒకటే కొడుతోంది. దూరంగా మట్టికుప్పల మీద ఉడుతలు నిటారుగా లేచి, కీచుమని మళ్లీ బొరియల్లోకి దూకుతున్నాయి. వెండెల్ తన తుపాకీ సంచిలోంచి తియ్యనేలేదు. ఈ వసంతమంతా ఇదే వరస. నాలుగు కాల్చి, చాలంటాడు. తన దగ్గర కొట్టేసిన మంచి గుల్లల్ని దాచుకుంటున్నాడని ఆర్విడ్ లెక్క.

"ఈవేళ ఏవి తెచ్చావురా?" అన్నాడు వెండెల్.

"నావే. అసలువి. బల్ల కింది డబ్బాలోవి."

వెండెల్ మొహంలో రంగు పోయింది. "ఆ కాఫీ డబ్బావా? వాటిని ఇనెజ్ పారెయ్యమని నా ముందే చెప్పింది కదరా."

"చెప్పింది. నేను పారెయ్యలేదు. అందుకే నీ చేతికి దొరక్కుండా మిగిలాయి."

మాట అనేశాడు. అనేశాక ఆపుకోవడం ఎందుకనిపించింది. వెండెల్ ఏం మాట్లాడతాడా అని అతని చేతులకేసి చూశాడు. ఆ చేతులు బల్ల అంచుని పట్టుకుని కదలకుండా ఉన్నాయి.

"తీగ పెట్టి చూశావా?" అన్నాడు వెండెల్ చివరికి.

"తూచాను."

"తూస్తే లోపల సంగతి తెలీదురా." తన సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద ముందుకి జరిపాడు. "ఈ పూటకి ఇవి కాల్చు. నేను నింపినవే."

మా వైపు ఒకడు నింపిన తూటా ఇంకొకడు కాల్చడు. అన్నదమ్ములు కూడా అడగరు, ఇవ్వరు. అది తెలిసీ వెండెల్ పెట్టె ముందుకి జరిపాడంటే, ఆర్విడ్‌కి అందులోనూ ఏదో మతలబు కనపడింది. పెట్టెను వేలితో వెనక్కి తోసేశాడు.

"నీ దయ నాకక్కర్లేదు. ఇంకో మాట. ఈవేళ నా గుల్లలు నేనే ఏరుకుంటా. నువ్వు ముట్టుకోకు."

కలిసి కాల్చేవాళ్ల మధ్య ఇంతకంటే పెద్ద మాట లేదు. ఈ మాట తరవాత మాటలాగిపోయిన ఇళ్లు మా జిల్లాలో ఉన్నాయి. ఆర్విడ్ వాదన కోసం ఎదురుచూశాడు. వాదిస్తే సొరుగులో గుల్లల సంగతీ, గోళ్ల రంగు సంగతీ వరసగా పెట్టి కడిగేద్దామని కాచుకున్నాడు.

"సరే," అన్నాడు వెండెల్. తన మొహం మీది పెద్ద గాజు చలవ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇవన్నా పెట్టుకో."

"ఎందుకు?"

"ఎండ కళ్లలో పడుతోంది నీకు."

అది నిజమే. ఆర్విడ్ విసుగ్గానే పెట్టుకున్నాడు. వెండెల్ ఎడమ భుజం నులుముకుంటూ పికప్ బండి వైపు నడిచాడు. కాసేపు నడుం వాలుస్తానన్నాడు. మామూలుగా అయితే ఆర్విడ్ "ముసలాడివైపోయావురా" అని ఏదో ఒకటి విసిరేవాడు. ఈసారి విసరలేదు.

మొదటిది తప్పింది. గాలిని అనుమానించాడు. రెండోది తగిలిందో లేదో తెలియలేదు, దూరపు మట్టికుప్పలన్నీ ఒకే బూడిదరంగు మచ్చలా అలుక్కుపోయాయి. మూడోదానికి తుపాకీ మీది దుర్భిణి గాజును అనుమానించాడు. తరవాతి దెబ్బకి చప్పుడే వేరుగా వచ్చింది. తుపాకీ పక్క సందులోంచి వేడి ఆవిరి బుస్సుమని చెంప మీద కొట్టింది. ఆర్విడ్ వెనక్కి తూలి, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

కళ్లద్దాలు తీసి చూసుకున్నాడు. కుడి గాజు నిండా నల్లటి చుక్కలు, వాటి మధ్య సన్నటి ఇత్తడి రజను గుచ్చుకుని ఉంది. గాజు లేకపోతే అదంతా కంట్లో ఉండేది. తుపాకీ గడియ లాగాడు. గుల్ల అడుగు మాత్రం ఊడొచ్చి అరచేతిలో పడింది. మిగతా సగం లోపలే ఉండిపోయింది. బొటనవేలితో అంచు తడిమాడు. ఇత్తడి అక్కడ కాగితంలా పలచబడి, చుట్టూ ఒకే వరసన చినిగింది. అడుగున ఎర్ర గీత, వంకరది. తనదే.

కుర్చీలో కూలబడ్డాడు. గాలి కొడుతూనే ఉంది. సొరుగులోని బరువు గుల్లలు గుర్తొచ్చాయి. కొత్తవి కాబట్టి బరువు. వాటి గోడలు అరగలేదు కాబట్టి బరువు. ఏ దొంగైనా పాడైపోయినవి పట్టుకుపోయి, తన మంచివి పెట్టి వెళతాడా? వెండెల్ నాలుగు కాల్చి చాలనేది దాచుకోవడానికి కాదు, వాడి దగ్గర ఇంక మిగల్లేదు. సంచిలోని ఆ ఒక్క పెట్టె కూడా ఇందాక తన ముందుకే జరిపాడు. ముప్ఫై ఏళ్లు లారీ కింద లారీ తూచినవాడికి ఈ చిన్న లెక్క ఇంతకాలం తేలలేదు.

సగం గుల్ల పిడికిట్లో పట్టుకుని బండి దగ్గరికి నడిచాడు. ఆర్విడ్ జీవితంలో తప్పయిందని చెప్పింది ఒక్క ఇనెజ్‌కే, అదీ ఆవిడకి వినపడని రోజున. అందుకని దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు. వెండెల్ సీటు వెనక్కి వాల్చి, టోపీ కళ్ల మీదికి లాక్కుని ఉన్నాడు. కిటికీ తెరిచే ఉంది. ఒకందుకు టోపీ ఉండటమే నయమనిపించింది, మొహం చూస్తూ చెప్పడం కష్టం.

"ఒరేయ్, తెగింది," అన్నాడు. "నువ్వన్నట్టే తెగింది. నీ అద్దాలు ఖరాబయ్యాయి, కొత్తవి కొనిస్తా."

వెండెల్ పలకలేదు. కోపం ఉంటుంది మరి, ఉండాలి కూడా.

"నువ్వు నొక్కేస్తున్నావనుకున్నానురా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కళ్లు కనపడ్డం లేదు, నీకు తెలుసు. సోమవారం డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లు. కుర్చీ పోతే పోనీ. గుల్లలు నువ్వే ఏరు. ఇవాళ్టివి కూడా నువ్వే ఏరు, నేను ఒక్కటి కూడా ముట్టుకోలేదు."

గాలి ఒక్క విసురు విసిరి టోపీని సీటు కిందికి పడేసింది. వెండెల్ దానికోసం చెయ్యి చాపలేదు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఆర్విడ్ కిటికీలోంచి చెయ్యి పెట్టి చెంప ముట్టుకుని, చాలాసేపు తియ్యలేదు.

సాథర్ పరిగెత్తుకొచ్చాడు. తరవాత షెరీఫు దగ్గరి మనిషి వచ్చాడు, అంబులెన్సు వచ్చింది. గుండె అన్నారు. పొద్దున్నుంచే మొదలై ఉంటుందన్నారు, చెమట పట్టిందా, తిండి సహించలేదా అని అడిగారు. అన్నిటికీ ఆర్విడ్ తల ఊపాడు. అన్నీ తను చూసినవే, ఒక్కటీ వదలకుండా.

"ఆఖరుగా మీతో ఏమన్నాడు?" అని షెరీఫు మనిషి మెల్లగా అడిగాడు.

"అద్దాలు పెట్టుకోమన్నాడు."

"మీరేమన్నారు?"

ఆర్విడ్ చుక్కలు పడ్డ అద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మనిషి మంచివాడు, మళ్లీ అడగలేదు.

అందరూ వెళ్లాక పొద్దు వాలుతుండగా, వెండెల్ భోజనం పెట్టె పికప్ సీటు పక్కన మిగిలిపోయిందని చూసి సాథర్ తెచ్చిచ్చాడు. "వాడికి నువ్వు తప్ప ఎవరున్నారు," అన్నాడు. ఆర్విడ్ మడత బల్ల మీద పెట్టుకుని మూత తీశాడు. పైన కాగితంలో చుట్టిన సగం రొట్టె. దాని కింద గాయాల పట్టీల రేకు డబ్బా. డబ్బా నిండా గుల్లలే. ఒక్కొక్కటి తీసి వేళ్లతో తడిమాడు. అన్నీ వంకర గీతలవే, అన్నిటినీ వెండెల్ పట్టకారుతో నొక్కి అప్పచ్చుల్లా అణిచేశాడు, ఎవరూ పొరపాటున కూడా మళ్లీ నింపకుండా. పాడైన గుల్లకి మా వైపు చేసే మర్యాద అది.

పక్కన గుడ్డలో కొత్త గుల్లలు కొన్ని ఉన్నాయి. వాటిలో సగానికి ఎర్ర గీత పడింది, తిన్నగా, తొణక్కుండా. మిగతావి ఇంకా ఉత్త ఇత్తడి. సాథర్ పద ఇంటికి అంటున్నాడు. ఆర్విడ్ పెట్టె మూల తడిమాడు. చిన్న సీసా చేతికి తగిలింది, మూత సరిగా బిగించలేదు, కుంచె ఇంకా తడిగానే ఉంది.